ఏ సెక్షను జ్వరం

1957 జూన్ తొమ్మిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం లక్ష్మీనరసింహం మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు తిని, ఆఖరున పెరుగన్నంలో సువర్ణరేఖ పండు పిండుకున్నాడు. పదకొండేళ్ళు గడిచినా ఆ విస్తరి ఆయన కళ్ళ ముందే ఉంది. ఎందుకంటే ఆ తరువాత పన్నెండు రోజులపాటు ఏది నోట్లో పెట్టుకున్నా అట్టముక్క నమిలినట్టే ఉంది. మూడు గంటలకు చలి మొదలైంది. నాలుగింటికి దుప్పటి మీద దుప్పటి కప్పారు. దీపాలవేళకు ఆయన భార్య పడుకుంది, మర్నాడు తల్లి పడుకుంది.

అప్పుడాయన విజయనగరంలో కాలేజీ లెక్చరరు. జంతుశాస్త్రం చెప్పేవాడు. వేసవి సెలవులకని సొంత ఊరు ఊటలవలస వచ్చారు. చీపురుపల్లి స్టేషన్లో దిగి బండెక్కితే గంట ప్రయాణం. ఇంటిల్లిపాదీ ఫ్లూతో పడుకుంటే గడప తొక్కినవాళ్ళు లేరు, పాలు పోసే కూర్మమ్మ తప్ప. ముఖం నిండా అమ్మవారు పోసిన మచ్చలు, చేతిలో చెంబు. ఆమే వాళ్ళ పెరట్లో మూడు రాళ్ళు పెట్టి గంజి కాచింది. లక్ష్మీనరసింహం తల్లి వీధిలోకి వెళ్ళొచ్చిన చీరతో పొయ్యి దగ్గరకు ఎవరినీ రానిచ్చే మనిషి కాదు. అటువంటి ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని ఆ గంజి రెండు గుక్కలు మింగింది. మూడో గుక్కకు కళ్ళు తెరిచింది. ఆ విషయం ఆవిడ చచ్చిపోయేదాకా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళు కోలుకుని రైలెక్కిన రోజున కూర్మమ్మకు జ్వరం తగిలిందని తరువాత ఉత్తరంలో తెలిసింది. ఆమెకు గంజి ఎవరు పోశారో ఆయన అడగలేదు.

1968 సెప్టెంబరు నాటికి తల్లీ లేదు, భార్యా లేదు. ఉద్యోగం విరమించి ఏడాదయింది. ఊటలవలసలో పాత ఇల్లు బాగుచేయించుకుని, ముప్పై ఏళ్ళు పోగేసిన పుస్తకాలతోనూ, అంతకంటే ఎక్కువ ఏళ్ళు పోగేసిన చిరాకుతోనూ ఆయన అందులో ఉంటున్నాడు. ఊరంటే ఆయనకు సదభిప్రాయం లేదు. నార కోసం గోగుకట్టలు గుంటల్లో ఊరవేసి, ఆ కుళ్ళు వాసన పీలుస్తూ నెలల తరబడి హాయిగా బతకగలిగిన జనానికి ముక్కు ఉందో లేదో శాస్త్రజ్ఞులు పరిశీలించాలని ఆయన అభిప్రాయం. పంచాయతీ ప్రెసిడెంటు జగన్నాధం ఆయన దృష్టిలో గొంతు, మీసం తప్ప మరే అవయవమూ ఎదగని ప్రాణి. సూదిమందు వేసే సూరయ్య చీపురుపల్లిలో ఎవరో డాక్టరు దగ్గర మూడేళ్ళు సీసాలు కడిగి, నాలుగో ఏట తానే డాక్టరైన ఘనుడు. కూర్మమ్మ మాత్రం పాలలో నీళ్ళు కలపదు. ఆ ఒక్క సుగుణానికి ఆయన ఆమెను క్షమించాడు.

ఆ నెలలో మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరులో హాంకాంగ్ ఫ్లూ అన్న మాట పడింది. పది రోజులకల్లా ఊటలవలసలో పదకొండు ఇళ్ళు మూలిగాయి. ఆయన వంటావిడ దగ్గు చప్పుడు వినగానే శృంగవరపుకోటలో అక్క ఇంటికి చెక్కేసింది. ఆయన అటుకులూ మజ్జిగా తింటూ ఉండగా, బడి వరండాలో నలుగురూ కూర్చున్నారనీ, జ్వరం సంగతి మేష్టారొచ్చి చెప్పాలనీ జగన్నాధం కబురు పంపాడు.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి వరండా చూస్తే నోరూరుతుంది. ఆయన వెళ్ళాడు.

“ఇన్‌ఫ్లుయెంజా అంటే ఒకటి కాదు,” అని మొదలుపెట్టాడు. “మూడు రకాలు. ఏ, బి, సి. వీటిలో సి అల్పమైనది. చిన్నపిల్లలకు రెండు రోజులు ముక్కు కారించి పోతుంది. వచ్చిందని కూడా తెలియదు. బి అంతకంటె గట్టిది. బళ్ళనూ హాస్టళ్ళనూ పట్టుకుంటుంది. కానీ మనుషుల్ని దాటి పోదు, ప్రపంచమంతా ఒక్కసారి ముంచెత్తే సత్తా దానికి లేదు. ఇక ఏ రకం. అది మనుషుల్లో ఉంటుంది, పందుల్లో ఉంటుంది, గుర్రాల్లో, పక్షుల్లో ఉంటుంది. మా నాన్నగారి కాలంలో, పద్దెనిమిదో సంవత్సరంలో, కోట్లమందిని తీసుకుపోయింది అదే. యాభై ఏడులో మన ఊరు వచ్చిందీ అదే.”

అక్కడ ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. అసలు సంగతి ఇంకా రాలేదు. ఏ రకం ఉండి ఉండి రూపు మార్చుకుంటుందనీ, ఇప్పుడొచ్చిందీ ఏ రకమేననీ, యాభై ఏడులో జ్వరపడిన వాళ్ళు కూడా దీని ముందు కొత్తవాళ్ళేననీ చెప్పవలసి ఉంది. ఆ ఊపిరిలోనే జగన్నాధం దూరాడు.

“అయితే మేష్టారూ, జొరానికి కూడా ఏ సెక్షనూ బీ సెక్షనూ ఉన్నాయన్నమాట. మరి హెడ్మాష్టరెవులండి?”

వరండా అంతా గొల్లుమంది. జ్వరం తగ్గి రెండు రోజులైన ముసలాయన కూడా దగ్గుతూ నవ్వాడు.

లక్ష్మీనరసింహం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “మీకు ఇంతకంటె అక్కర్లేదు,” అని మెట్లు దిగిపోయాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాక కూడా ఆయనకు తృప్తిగానే ఉంది. తెలివితక్కువవాళ్ళ మధ్య నుంచి లేచి వచ్చెయ్యడంలో ఒక సుఖం ఉంటుంది. ఆ సుఖం ఆయనకు బాగా అలవాటు.

ఆయన వచ్చేశాక అక్కడ ఏం జరిగిందో మూడోనాడు తెలిసింది. పొద్దున్నే గుమ్మంలో కూర్మమ్మ, నెత్తి మీద మూత పెట్టిన కుండ, చంకలో తప్పేలా.

“మేష్టరు బావూ, ఇయ్యేల పాలు సందేళకే. నాను పదకొండిళ్ళు తిరగాల.”

“ఎందుకు?”

“జొరాలోళ్ళకి గెంజి పొయ్యద్దేటి? నానూ, గోగుకట్టలెత్తే గంగులూ తిరుగుతన్నాం. మావిద్దరం పాసయిపోనాం కదా.”

“ఏం పాసయ్యారు?”

“ఏ సెక్షను!” అంది కూర్మమ్మ, ఆయనకు మతిమరుపు వచ్చిందేమోనని జాలిపడుతున్నట్టు. “యాభయ్యేడులో నాకూ గంగులుకీ ఒచ్చింది ఏ సెక్షనే కదా. పెద్దది అయిపోనాది. ఇంక మిగిలినయ్యి బీ, సీ. అయ్యి పిల్ల జొరాలు. మనల్నేటి సేత్తాయి? మీరే సెప్పినారంట, పెసిడెంటు సెప్పినాడు.”

ఆయనకు అర్థమయింది. ఆ ఊరి పద్ధతి ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంట్లో అమ్మవారు పోస్తే, అదివరకు పోసి బతికిన మనిషినే లోపలికి పంపుతారు. ముఖం మీద మచ్చలున్నవాళ్ళే మంచం పక్క కూర్చుంటారు. వాళ్ళను అమ్మవారు మళ్ళీ ముట్టుకోదు. అందులో తప్పు లేదు. ఆ లెక్కనే ఈ జ్వరానికీ వేసుకున్నారు. ఆయన చెప్పిన సగం పాఠం పునాది, వాళ్ళ అమ్మవారి లెక్క గోడలు. దాని మీద ఇప్పుడు కూర్మమ్మను ఎక్కించారు. ఆమెకు వానాకాలం వస్తే ఆయాసం.

“ఇదీ ఏ రకమే,” అన్నాడాయన. “దీని యాంటిజెన్ మారింది. యాభై ఏడు నాటి ప్రతిరక్షకాలు దీన్ని గుర్తుపట్టవు.”

కూర్మమ్మ ఆయన వంక మర్యాదగా చూస్తూ నిలబడింది. ఆ మర్యాద చూసి ఆయనకు ఒళ్ళు మండింది.

“నీకు చెప్పినా ఒకటే, నీ గేదెకు చెప్పినా ఒకటే. వెళ్ళకు. అంతే!”

“నా గేదె అయితే ఇంటాది బావూ, దానికి ఓపికెక్కువ,” అంది కూర్మమ్మ కోపం లేకుండా. “మరి నాను ఎల్లకపోతే ఆళ్ళకి గెంజి ఎవులు పోత్తారు? తవరు పోత్తారేటి?”

ఆమె కుండ సరిచేసుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఆయన చూశాడు. ఇంకొక్క మాట ఉంది, అరిచి చెప్పవచ్చు. కానీ అది వాళ్ళకు తెలిసిన మాటల్లో ఎలా చెప్పాలో ఆయనకు తోచలేదు. తోచనందుకు వాళ్ళ మీదే విసుక్కున్నాడు.

రెండు రోజులకు గంగులు పడ్డాడు. కల్లు తాగి వానలో తొంగున్నాడని జగన్నాధం తీర్పు చెప్పాడు. అయిదో రోజు సందేళ పాలు రాలేదు. ఆరో రోజు పొద్దున్నా రాలేదు.

లక్ష్మీనరసింహం గొడుగు తీసుకుని బయలుదేరాడు.

కూర్మమ్మకు పిల్లల్లేరు. ఊరి చివర మట్టింట్లో ఆమె, పక్క పాకలో రెండు గేదెలు. జ్వరానికి గాలి తగలకూడదని ఎవరో తలుపు బిగించి, ఉన్న ఒక్క కిటికీలో గోనె కుక్కి పోయారు. లోపల చీకటి. చాప మీద ఆమె ఊపిరి ఎండిన తాటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టుంది. పెదవులు నల్లబడ్డాయి. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఆయన గోనె లాగేసి, తలుపు బార్లా తీసి, ఆమె తల కింద బియ్యం మూట పెట్టి ఎత్తు చేశాడు. ఆమె కళ్ళు తెరిచి ఎవరో పోల్చుకోలేక మళ్ళీ మూసుకుంది.

ఆయన నేరుగా జగన్నాధం ఇంటికి వెళ్ళాడు.

“కూర్మమ్మ చచ్చిపోయేలా ఉంది. పంపింది నువ్వు!”

జగన్నాధం అరుగు మీద నుంచి లేచాడు. మీసం ఆ రోజు దువ్వలేదు. “కూర్మమ్మత్తకా? ఎంత జొరం?” అన్నాడు. ఆ తరువాత ‘పంపింది నువ్వు’ అన్న మాట గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది. “నాను పంపినానా? మీరు సగం సెప్పి లేసెలిపోనారు మేష్టారూ! మిగిలిన సగం మేం ఊహించుకున్నాం. ఏటి సెయ్యమంటారు? నవ్వితే లేసెలిపోతారేటండి? మీ కాలేజీలో పిల్లలు ఎప్పుడూ నవ్వలేదా?”

నవ్వారు. ముప్పై ఏళ్ళూ నవ్వారు. వాళ్ళను నిలబెట్టి, గంట కొట్టేదాకా పాఠం పూర్తి చేసేవాడు. అది జీతం తీసుకునే రోజుల్లో. లక్ష్మీనరసింహం వెనక్కి తిరిగాడు. దారి పొడుగునా ఆయన ఎవరినో తిట్టుకుంటూనే నడిచాడు. అయితే ఈసారి ఆ తిట్లు జగన్నాధానికి అతకడం లేదు. మూర్ఖుడు, పొగరుబోతు, బుర్రలో గుజ్జు లేనివాడు. ఒక్కొక్కటీ తిరిగొచ్చి ఆయన కండువా మీదే వాలుతోంది.

సూరయ్య ఇంటి ముందు ఆయన చెప్పులు విప్పాడు. ఏడాదిలో ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు.

“పంతులుగారు! తమరికేటి ఒచ్చినాది?”

“నాకు కాదు. కూర్మమ్మకు గుండెల్లో పట్టేసింది. న్యుమోనియాలా ఉంది. పెన్సిలిను కావాలి. చీపురుపల్లిలో గవర్నమెంటు డాక్టరు కూడా జ్వరంతో పడ్డాడట.” కొంచెం ఆగి, “నువ్వు రావాలి,” అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట పళ్ళు పీకినట్టు వచ్చింది.

సీసాలు కడిగినవాడని ఈయన పదిమందిలో అన్న మాట సూరయ్యకు చేరే ఉంటుంది. ఊళ్ళో చేరని మాట ఉండదు. కానీ అతను ఆ ఊసెత్తలేదు. పెట్టె తీసుకుని ముందు నడిచాడు. కూర్మమ్మ పొయ్యి మీద నీళ్ళు మరిగించి, సిరంజి అందులో వేసి, గడియారం లేకపోయినా నెమ్మదిగా మూడు వందలు లెక్కపెట్టాడు. లక్ష్మీనరసింహం ఆ లెక్క విన్నాడు. ఒక్క అంకె కూడా దాటెయ్యలేదు. సీసాలు కడగడం వచ్చినవాడి చేతిలో సూది ఎంత శుభ్రంగా ఉంటుందో ఆయనకు ఆ రోజు తెలిసింది.

“పెన్సిలిను ఈ ఫ్లూకి పని సెయ్యదండి,” అన్నాడు సూరయ్య, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా భయపడుతూ. “దాని ఎనకాల దూరిన సీము పురుగులకే. అంతేనాండి?”

“అంతే,” అన్నాడు లక్ష్మీనరసింహం. “సరిగ్గా అంతే.”

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సూది. జ్వరం ఎగిసినప్పుడు ఏపీసీ మాత్ర. మిగిలింది గంజి. అది ఆయన పని. ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని, యాభై ఏడులో తాను పడిన జ్వరం తనకు ఏ విధంగానూ అడ్డు రాదని ఊళ్ళో అందరికంటే బాగా తెలిసీ, ఆయన ఆ మట్టింటి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పుట్టి యాభై తొమ్మిదేళ్ళయింది. గంజి కాచడం రాదు. కట్టెలు తడి. ఊదితే పొగ, మానితే ఆరిపోవడం. బియ్యం అడుగంటింది. పైన నీళ్ళు, కింద బొగ్గు. దానినే వడగట్టి, ఉప్పేసి, చెంచాతో పోశాడు. ఆమె మింగింది. నాలుగు పూటలూ మాడినదే పోశాడు, నాలుగు పూటలూ మింగింది. రుచీ వాసనా తెలియని స్థితిలో ఉంది గనుక ఆయన పరువు దక్కింది.

రెండో రోజు ఉదయం పాక వైపు నుంచి చెంబులో పాలు పడుతున్న చప్పుడు వినిపించింది. ఎవరా అని తొంగిచూస్తే, పంచాయతీ ప్రెసిడెంటు లుంగీ ఎగగట్టి, గేదె పొట్టకు తల ఆనించి పాలు పితుకుతున్నాడు. గేదె తోకతో అతని మీసం మీద కొట్టింది. జగన్నాధం ఈయనను చూడనట్టే ఉన్నాడు, ఈయనా చూడనట్టే లోపలికొచ్చాడు. గుమ్మం దగ్గర పాల చెంబు పెట్టి అతను వెళ్ళిపోయాడు. ఆ తరువాత రోజూ అలాగే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమెకు చెమట పోసింది. చీర తడిసిపోయేంత చెమట. ఊపిరిలో తాటాకుల చప్పుడు కొంచెం దూరం జరిగింది. పెదవులకు రంగు వచ్చింది. అయినా ఆయన నమ్మలేదు. ముప్పై ఏళ్ళ చదువు ఆయనకు నేర్పిన ఒకే ఒక్క విషయం, తొందరపడి నమ్మకూడదని.

దీపం పెట్టే వేళ చెంచాతో గంజి నోటికందించాడు. కూర్మమ్మ పుచ్చుకుంది. ముఖం చిట్లించింది. పక్కకు తిరిగి తూ అని ఉమ్మేసింది.

“ఇదేటి బావూ?”

“గంజి.”

“ఇది గెంజా?” నీరసంగా ఉన్నా గొంతులో వెనకటి పదును ఉంది. “మా గేదె కుడితి దీని కంటె కమ్మగుంటాది! మాడ్సి బొగ్గు సేసినారు. ఇన్నాళ్ళూ ఇదే పోసినారేటి నాకు? పైగా ఈ గోగు కంపొకటి. అబ్బ, ఆ కిటికీ ఎవులు తీసినారు?”

లక్ష్మీనరసింహం చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమెకు మాడు వాసన తెలిసింది, గోగు కుళ్ళు వాసన తెలిసింది. జీవితంలో ఆయనను చాలామంది మెచ్చుకున్నారు, శాలువాలు కూడా కప్పారు. ఏ మెప్పూ ఈ తిట్టంత చల్లగా తగల్లేదు.

“కిటికీ నేనే తీశాను,” అన్నాడు.

ఆమె పాలు తాగింది. కాసేపు పైకప్పు చూసింది. “పాసయిపోనాను కదా బావూ, మళ్ళీ ఎందుకొచ్చినాది?” అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఈసారి ఆయన వెంటనే మొదలుపెట్టలేదు. కిటికీలోంచి చూస్తూ మాటలు వెతుక్కున్నాడు.

“పగటివేషాల వాళ్ళు వస్తారే మన ఊరికి. వారం రోజులు ఉంటారు.”

“అవును. పోయినేడు ఒచ్చినారు. ఒకడు అర్ధనారి ఏసం కట్టినాడు. మర్నాడు ఆడే శక్తి ఏసం కట్టొస్తే మా కుక్క పోల్చుకోనేక మొరిగి సంపినాది.”

“మనిషి మారాడా?”

“ఆడే! ఏసం మారినాది.”

“ఏ రకం అటువంటి వేషగాడు. యాభై ఏడులో వచ్చినవాడే ఇప్పుడూ వచ్చాడు. నీ ఒంట్లో కాపలా కుక్క ఉంది. అది వేషాన్నే గుర్తుపెట్టుకుంటుంది, మనిషిని కాదు. కొత్త వేషంలో వస్తే అది పోల్చుకుని మొరిగేసరికి వాడు ఇంట్లోకి వచ్చేసి కూర్చుంటాడు. బి కూడా మారుస్తుంది, కానీ నెమ్మదిగా, బొట్టు మార్చినట్టు, పంచె మార్చినట్టు. కుక్క ఎంతో కొంత పోల్చుకుంటుంది. సి అయితే ఎప్పుడూ ఆ చిరుగు తువ్వాలే. చిన్నప్పుడే అందరికీ తెలిసిపోతాడు. అమ్మవారికి మాత్రం ఒకటే వేషం. అందుకే ఒకసారి చూసినవాళ్ళ జోలికి మళ్ళీ రాదు.”

కూర్మమ్మ ముఖం మీద మచ్చలు తడుముకుంటూ విన్నది.

“ఈ ముక్క ఆ రోజు సెప్పనేకపోనారా?”

ఆయన తల వంచుకున్నాడు. “చెప్తే వెళ్ళకపోదువా?”

“ఎల్దును. పదకొండిళ్ళు మరి, ఒగ్గేత్తామేటి?” అంది ఆమె. “కానీ మీలాగ ముక్కుకి గుడ్డ కట్టుకుందును. ఆళ్ళ మంచం పక్కని తొంగోకపోదును. గంగులుకి సెప్దును. ఆడెలాగున్నాడు?”

“లేచాడు. గోగుకట్ట ఎత్తడానికి ఇంకా ఓపిక రాలేదు.”

“నయం.”

“రేపు నలుగుర్నీ వరండాలోకి పిలవమని జగన్నాధానికి చెప్పాను,” అన్నాడాయన. “మిగతా సగం చెప్తాను.”

“నవ్వుతారు.”

“నవ్వనీ.”

ఆమె మూలుగుతూ గోడ వైపు తిరిగి పడుకుంది. “కిటికీ అలాగే ఉండనీండి మరి. తలుపు మాత్రం ఎయ్యండి బావూ. కుక్కలొచ్చి ఆ గెంజి తాగితే పాపం తగులుతాది.”

లక్ష్మీనరసింహం మాడిన కుండ చేతిలోకి తీసుకున్నాడు. దీపం వత్తి తగ్గించాడు. గడప దాటి, తలుపు కిర్రుమనకుండా కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేశాడు.